పదకొండు ఉద్యోగాల చార్జి

ఢిల్లీ సదస్సుకు వెళ్ళిన అధికారి వట్టి చేతులతో తిరిగి రావడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. కొందరు శాలువా తెచ్చుకుంటారు, కొందరు జలుబు తెచ్చుకుంటారు. కోనవరం జిల్లా పదవినియోగ క్రమబద్ధీకరణ శాఖ డైరెక్టరు కాశ్యప్‌గారు మాత్రం ఒక నినాదం తెచ్చుకున్నారు. ‘ఒక మాట, ఒక అర్థం.’

ఆ శాఖను ఎందుకు పెట్టారో పెట్టినవాళ్ళకే గుర్తు లేదు. ఎత్తేద్దామంటే, ఎత్తేయమని సిఫారసు చేయవలసింది కూడా ఆ శాఖేనట. అందుచేత అది మూడు పువ్వులు ఆరు కాయలుగా వర్ధిల్లుతోంది. అందులో సూపరింటెండెంటు దొమ్మేటి త్రిమూర్తులు. మంచి మనిషి. సర్వీసు మొత్తంలో ఒక్కరికీ అపకారం చేయలేదు. ఉపకారం చేయడానికి నిబంధన దొరకలేదు. జనవరి నెలాఖరుకి రిటైరవుతున్నాడు.

రిటైరైన మూడో నాడు రాజమండ్రిలో రైలెక్కి భార్య అనంతలక్ష్మితో సిమ్లా వెళ్ళాలి. ఆమెకు మంచు చూడాలని కోరిక. పెళ్ళయిన ఏడాది అడిగింది. ‘వచ్చే ఏడాది’ అన్నాడు. ఆ వచ్చే ఏడాది రావడానికి ఒక ఉద్యోగజీవితం పట్టింది. ఇప్పుడు ఆవిడ రెండు ఉన్ని స్వెట్టర్లు, రెండు కోతి టోపీలు కొని, చలికాలంలోనూ ఉక్క తగ్గని గోదావరి జిల్లాలో ఫ్యాను కింద కూర్చుని వాటిని తొడిగి చూసుకుంటోంది. చెమటలు కారుతున్నా మొహంలో వెలుగు తగ్గలేదు.

“మీకైతే ముప్పై ఒకటిన దండేసి పంపించేస్తారు. నాకెవరేస్తారో దండ” అంది ఒకనాడు, బొడ్లో దోపుకున్న తాళాల గుత్తి తీసి సామాన్ల గది తెరుస్తూ. త్రిమూర్తులు దాన్ని హాస్యం కింద జమకట్టి నవ్వి ఊరుకున్నాడు.

అటువంటి రోజుల్లో డైరెక్టరుగారు పిలిచారు.

“త్రిమూర్తులుగారూ, మన జిల్లాలో అత్యధికంగా శ్రమిస్తున్న ఇంగ్లీషు మాట ఏది? నాకు క్షేత్రస్థాయి నివేదిక కావాలి.”

త్రిమూర్తులు క్షేత్రస్థాయికి, అనగా బస్టాండుకు, వెళ్ళాడు. టీకొట్టు బల్ల మీద కూర్చుని చెవి ఒగ్గాడు. సాయంత్రానికి విషయం తేలిపోయింది. బస్సులో చార్జి, ఫోనుకి చార్జి, జనం మీద లాఠీచార్జి, దొంగ మీద చార్జిషీటు, ఆస్పత్రిలో డిశ్చార్జి, హోటల్లో సర్వీసు చార్జి, దర్జీ దగ్గర కుట్టు చార్జి, బిల్లు ఆలస్యమైతే లేటు చార్జి, ఆఫీసులో ఇన్‌చార్జి. బదిలీ అయినవాడు చార్జి అప్పగిస్తాడు, వచ్చినవాడు చార్జి తీసుకుంటాడు. లెక్కపెడితే పదకొండు పనులు, మాట ఒక్కటి.

డైరెక్టరుగారు నివేదిక చదివి కళ్ళజోడు తీశారు. అద్దాలు తుడుచుకున్నారు.

“ఒక్క ఉద్యోగి పదకొండు పోస్టులా? సెలవు లేదు, బదిలీ లేదు, ప్రమోషన్ లేదు. త్రిమూర్తులుగారూ, ఇది సర్వీసు నిబంధనలకు పూర్తిగా విరుద్ధం. దీనిని మనం పదశ్రమ దోపిడీగా పరిగణించవలసి ఉంటుంది.”

ఆ క్షణంలో త్రిమూర్తులుకి ఒక ఆలోచన వచ్చింది. ఇంతకాలం సర్వీసులో అది మొదటి ఆలోచన కావడం వల్ల దాన్ని ఎలా ఆపుకోవాలో అతనికి తెలియలేదు.

“అలాగైతే అండి, దాన్ని ఏదో ఒక శాఖలో పర్మనెంటుగా వేసేసి, మిగతా పది అర్థాలూ ఖాళీలుగా ప్రకటించేస్తే సరిపోద్దండి. భర్తీ అయ్యేదాకా ఎవరూ వాడకూడదని ఓ మాట రాసుకుంటే…”

“వాడితే?”

“వాడవలసిన పనే ఆపుకోవాలండి. మాట లేకుండా పనేంటండి?”

డైరెక్టరుగారు లేచి వచ్చి కరచాలనం చేశారు. ఆ రోజు ఇంటికి వెళ్తూ త్రిమూర్తులు జీవితంలో మొదటిసారి తన నీడను కాస్త గౌరవంగా చూసుకున్నాడు. పోయేముందు ఒక మంచి పని చేసి పోతున్నానని నిజంగానే పొంగిపోయాడు పాపం. తవ్వుతున్నది ఎవరి గొయ్యో తవ్వేవాడికి తెలిస్తే ప్రపంచంలో గోతులే ఉండవు.

మాటను ఏ శాఖకు ఇవ్వాలో తేల్చడానికి సమన్వయ సమావేశం పెట్టారు. సమోసాలు తెప్పించారు.

పోలీసు ఇన్‌స్పెక్టరు మీసం మీద చెయ్యేసి లేచాడు. “శాంతిభద్రతల దృష్ట్యా ఈ పదం మాకే చెందాలండి. వాడకపోతే లాఠీలు చెదలు పట్టేస్తాయి.”

“బస్సు డీజిలుతో నడుస్తుందని అందరూ అనుకుంటారండి,” అన్నాడు డిపో మేనేజరు నిట్టూర్చి. “చార్జీతో నడుస్తుంది.”

పెద్దాసుపత్రి సూపరింటెండెంటు డిశ్చార్జిలో చివరి సగం తమదేనని, అది పోతే లోపలికి వచ్చిన రోగి బయటికి పోయే దారి ఉండదని విన్నవించాడు. డైరెక్టరుగారు అందరి మాటా సమానంగా విని, ఎవరి మాటా సమానంగా పట్టించుకోకుండా, గది మూల చూశారు. అక్కడ కరెంటు ఆఫీసు ఇంజనీరు రెండో సమోసా తింటున్నాడు. అతను నోరు విప్పలేదు. నోరు ఖాళీ లేదు.

“అడిగినవారిలో ఒకరికి ఇస్తే మిగిలినవారికి అన్యాయం జరుగుతుంది. అడగనివారికి ఇవ్వడమే నిష్పాక్షికత. ఇందుమూలముగా చార్జి అను పదమును ఫోన్లు వగైరా విద్యుత్ పరికరాలకు కరెంటు ఎక్కించు నిమిత్తం విద్యుత్ శాఖకు కేటాయించడమైనది.”

ఇంజనీరుకి పొలమారింది. అభినందనలని అందరూ వీపు మీద తట్టారు.

మర్నాటి నుంచి ఉత్తర్వు అమల్లోకి వచ్చింది. నిజం చెప్పుకోవాలంటే కోనవరానికి ఇంత సుఖమైన రోజులు ఎన్నడూ లేవు.

కండక్టరు బస్సులో అటూ ఇటూ తిరిగి, ఏదో అడగబోయి, ఏమని అడగాలో తోచక, “అందరూ కులాసాయేనాండి?” అని పలకరించి వెళ్ళి కూర్చునేవాడు. పని లేనివాళ్ళు కూడా పక్క ఊరికి వెళ్ళి చల్లగాలి పీల్చుకుని తిరిగొచ్చేవారు. కాలవ నీళ్ళ కోసం కలెక్టరాఫీసు ముందు ధర్నా జరిగితే, పోలీసులు లాఠీలు పట్టుకుని వరసగా నిలబడి మొహమొహాలు చూసుకున్నారు. మధ్యాహ్నం ధర్నావాళ్ళు పులిహోర పొట్లాలు విప్పి, “మీరూ రండే, ఎంతసేపని అలా నిలబడతారు?” అని పిలిచారు. లాఠీలు గోడకి ఆనించి అందరూ కలిసి తిన్నారు. అధికారులకి వేరే గత్యంతరం లేక కాలవ నీళ్ళు వదిలారు.

ఒక సైకిలు దొంగ స్టేషనుకి వచ్చి, తన కేసు ఎంతవరకు వచ్చిందని అడిగాడు. ఆ కాగితానికి పేరు లేదని, పేరు భర్తీ కాగానే కబురు చేస్తామని రైటరు చెప్పి మర్యాదగా సాగనంపాడు. దొంగ సైకిలు మీదే వెళ్ళాడు.

ఆస్పత్రిలో మాత్రం నయమైనవాళ్ళు నయమైనట్టే మంచాల మీద ఉండిపోయారు. పేకాట మొదలైంది. కొత్తగా జబ్బు పడ్డవాళ్ళు మంచాలు లేక వెనక్కి వెళ్ళి ఇంటి దగ్గరే కషాయం తాగి బాగుపడ్డారు. జిల్లా ఆరోగ్యం మెరుగుపడిందని లెక్కలు పైకి వెళ్ళాయి.

ఇక ఇన్‌చార్జుల సంగతి. ఆ జిల్లాలో సగం ఆఫీసులు నడుస్తున్నది ఇన్‌చార్జుల మీదే. ఉత్తర్వుతో వాళ్ళందరూ ఒక్కసారిగా ఏమీ కాకుండా పోయారు. సగం జిల్లాకి అధిపతి అనేవాడే లేడు. వారం గడిచింది. ఎవరికీ తేడా తెలియలేదు. డైరెక్టరుగారు దీన్ని తమ నివేదికలో ప్రత్యేకంగా ఉదహరించారు.

ఇలా ఊరంతా సుఖంగా ఉండగా ముప్పై ఒకటో తారీఖు వచ్చింది.

సాయంత్రం సభ పెట్టారు. త్రిమూర్తులుకి శాలువా కప్పారు, బంతిపూల దండ వేశారు, వెండి రేకు తొడిగిన దేవుడి పటం ఇచ్చారు. లడ్డూ, కారప్పూస పంచారు. అతని కుర్చీలోకి రావలసిన పైడికొండల హైమావతి కళ్ళు తుడుచుకుంటూ రెండు ముక్కలు మాట్లాడింది. త్రిమూర్తులు బీరువా తాళాలు, ఆఫీసు ముద్ర ఆమె ముందు పెట్టాడు.

“అమ్మాయ్, ఇక నువ్వు చా…” అన్నాడు.

హైమావతి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

“అది ఖాళీ పోస్టు కదండి. మీరే రాశారు.”

సభలో కారప్పూస నమలడం ఆగిపోయింది. త్రిమూర్తులు వెర్రిమొహం వేసుకుని డైరెక్టరుగారి వైపు చూశాడు. ఆయన ఉత్తర్వు తెప్పించి చదివారు. రెండుసార్లు చదివారు. రెండోసారి చదివేటప్పుడు మెచ్చుకోలుగా తల ఊపారు.

“చాలా పకడ్బందీగా ఉంది త్రిమూర్తులుగారూ. అప్పగించుట, తీసుకొనుట అను అర్థములు రెండూ ఖాళీ. భర్తీ అయ్యేవరకు సదరు పని నిలిపివేయవలెను. ఎవరు డ్రాఫ్టు చేశారో గానీ చీమ దూరే సందు లేదు.”

“నేనేనండి,” అన్నాడు త్రిమూర్తులు నీరసంగా.

“వయసు రీత్యా మీరు రిటైరైపోయారు. పని రీత్యా కాలేదు. కనుక రేపు పదిన్నరకి రండి.”

దండ మెడలో ఉండగానే అతను ఇంటికి వెళ్ళాడు. అనంతలక్ష్మి పెట్టె సర్దుతోంది. సంగతి విని, సర్దిన స్వెట్టరు తీసి పక్కన పెట్టింది. తరవాత ఒక కోతి టోపీ మడత పెడుతూ, “మంచు ఎంతకాలం ఉంటుందండీ?” అంది.

“ఉంటుందిలే, హిమాలయాలు కదా.”

“ఇన్నేళ్ళూ నేనూ అలాగే అనుకున్నాను” అంది. త్రిమూర్తులుకి ఆ మాట కలుక్కుమంది. ఆఫీసులో ఎన్ని చివాట్లు తిన్నా ఇంత నొప్పి కలగలేదు.

మర్నాడు అతను వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. హాజరుపట్టీలో పేరు లేదు కాబట్టి సంతకం పెట్టనివ్వలేదు. కుర్చీ అప్పగించలేదు కాబట్టి లేవనివ్వలేదు. ఎదురుగా స్టూలు మీద హైమావతి, కూర్చునే హక్కు ఉండీ కుర్చీ లేకుండా కూర్చుంది. టీ తెచ్చినాయన గ్లాసు ఎవరి ముందు పెట్టాలో తేలక తనే తాగేశాడు.

మధ్యాహ్నం త్రిమూర్తులు బతిమాలగా, ఆ ఖాళీని తెలుగు మాటతో భర్తీ చేయడానికి డైరెక్టరుగారు అంగీకరించారు. ఎంపిక సంఘం కూర్చుంది. అధ్యక్షులు డైరెక్టరుగారు, సభ్యులు తెలుగు లెక్చరరు ఒకరు, పక్క గది అకౌంటెంటు ఒకరు.

లెక్చరరు మొదటి అభ్యర్థిని ప్రవేశపెట్టాడు. “పగ్గాలు. పగ్గాలు అప్పగించడం, పగ్గాలు చేపట్టడం. మంచి నుడికారమండి.”

“పశుసంవర్ధక శాఖ నుంచి నిరభ్యంతర పత్రం ఉందా?” అన్నారు డైరెక్టరుగారు.

లేదు. పగ్గాలు వెళ్ళిపోయాయి.

“పెత్తనం?”

“అర్హతకు మించిన అభ్యర్థి. పైగా అది ఇప్పటికే అనధికారికంగా అన్ని ఆఫీసుల్లోనూ పని చేస్తోంది.”

“భారం,” అన్నాడు అకౌంటెంటు.

“ప్రభుత్వానికి భారం అని వార్త వస్తుంది. వద్దు.”

లెక్చరరు చివరి అస్త్రం తీశాడు. “బాధ్యత. ఇంతకన్న సరైన మాట లేదండి. బాధ్యత అప్పగించాడు, బాధ్యత తీసుకుంది.”

డైరెక్టరుగారు ఆలోచనలో పడ్డారు. త్రిమూర్తులు బీరువా తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. ఆఖరికి ఆయన విచారంగా తల అడ్డంగా తిప్పారు.

“మాట మంచిదే. కానీ మన ఆఫీసులో ఇంతకుముందు పని చేసిన అనుభవం లేదు. అనుభవం లేనివారిని నేరుగా ఇంత పై స్థాయిలో తీసుకోలేం.”

ఎంపిక సంఘం ఏప్రిల్‌కి వాయిదా పడింది. కరెంటు ఇంజనీరుని అడిగి మాటను ఒక గంట అరువు తెద్దామని త్రిమూర్తులు ఆ ఆఫీసుకి పరుగెత్తాడు. “నాకేమీ అభ్యంతరం లేదండి బాబూ, మొత్తం పట్టుకుపొండి,” అన్నాడు ఇంజనీరు. ఆ మాట వచ్చినప్పట్నించీ జిల్లాలో ఎవరి ఫోను ఆరిపోయినా అతన్నే తిడుతున్నారు. “కాకపోతే అరువివ్వడానికి మా పై ఆఫీసు ఒప్పుకోవాలి. అక్కడ ఇన్‌చా… ఆయన ఉండేవాడండి. ఇప్పుడు లేడుగా.”

మూడో తారీఖు వచ్చింది. సాయంత్రం ఆరింటికి రైలు. పొద్దున్న త్రిమూర్తులు ఆఫీసుకి బయల్దేరుతుంటే అనంతలక్ష్మి గడప దాకా కూడా రాలేదు. అతను వెళ్ళి కుర్చీలో కూర్చుని, చేతగానితనమంటే ఏమిటో నిబ్బరంగా అనుభవించాడు.

మధ్యాహ్నం మూడున్నరకి డైరెక్టరుగారు తుఫానులా లోపలికి వచ్చారు. క్రాపు చెదిరి ఉంది. రాజధానిలో పెద్ద పోస్టు వచ్చిందట. రేపు మధ్యాహ్నంలోగా అక్కడ చేరకపోతే వరసలో తరవాతివాడు తన్నుకుపోతాడట.

“చేరడం అంటే ఏమిటో తెలుసా? అక్కడ చా… ఆ పని చేయడం. అంతకుముందు ఇక్కడ… ఈ పని చేయడం.” ఆయన ఎదురుగా ఉన్న స్టూలు మీద కూలబడ్డారు. హైమావతి అప్పటికే లేచి నిలబడింది.

“ఉత్తర్వు రద్దు చేసేద్దామండి,” అన్నాడు త్రిమూర్తులు ఆశగా.

“ఎలా రద్దు చేస్తాం? అది దిగ్విజయంగా అమలవుతోందని పైకి రాశాం. ఆ దిగ్విజయానికే కదా నాకు ఈ పోస్టు ఇచ్చారు.”

ముగ్గురూ నేల చూపులు చూస్తుండగా గుమ్మంలో అలికిడైంది. అనంతలక్ష్మి. ఒంటి మీద ఉన్ని స్వెట్టరు, తలకి కోతి టోపీ, చేతిలో పెట్టె, బొడ్లో తాళాల గుత్తి. మొహం చెమటతో తడిసిపోయింది. బయట ఆటో ఇంజను ఆడుతోంది.

“ఏవండీ, మీరు రాకపోతే నేనొక్కదాన్నే వెళ్తున్నాను. చెప్పి వెళ్దామని వచ్చాను.”

“కూర్చోమ్మా,” అన్నారు డైరెక్టరుగారు అలవాటుగా. కూర్చోవడానికి ఏమీ లేదు. త్రిమూర్తులు జరిగిందంతా చెప్పాడు. ఖాళీ, భర్తీ, పగ్గాలు, పెత్తనం. ఆవిడ టోపీ పైకి తోసుకుని ఓపిగ్గా విన్నది.

“మీ ఆఫీసులో పోస్టు ఖాళీ అయితే ఏం చేస్తారండీ? కొత్తవాడు వచ్చేదాకా పనాపుకుని కూర్చుంటారా? పక్క సీటాయన్ని చూసుకోమంటారు కదా. ఆరేళ్ళు మీచేత రెండు సీట్లు చేయించలా? పిల్ల పెళ్ళిచూపులకి కూడా సమయానికి రాలేకపోయారు. ఆ మాటకీ అలాగే చెప్పండి. ఆ పదీ కూడా నువ్వే చూసుకో అమ్మా అనండి.”

డైరెక్టరుగారు స్టూలు మీద నిటారుగా కూర్చున్నారు. త్రిమూర్తులు నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. సర్వీసులో అది అతని రెండో ఆలోచన. అదీ సొంతం కాదు. అయినా కలం పరుగెత్తింది. ఆ ఆఫీసు చరిత్రలో ఏ ఫైలూ కదలనంత వేగంగా ఆ ఫైలు ఆ బల్ల మీద నుంచి ఈ స్టూలు మీదికి వెళ్ళి సంతకంతో తిరిగి వచ్చింది. డైరెక్టరుగారు దాన్ని పైకి చదివారు. చదువుతుంటే ఆయన కళ్ళు చెమర్చాయి.

“చార్జి అను పదము ప్రస్తుతము విద్యుత్ శాఖలో పని చేయుచున్నందున, ఖాళీగా ఉన్న పది అర్థములకు క్రమబద్ధమైన నియామకములు జరుగు వరకు, సదరు పదమునకే ఆ పది అర్థముల పూర్తి అదనపు చార్జి అప్పగించడమైనది.”

ఒక మాటకి ఒక అర్థమే ఉంది. మిగతావి అదనం. ఉత్తర్వు చెక్కుచెదరలేదు, దిగ్విజయమూ చెక్కుచెదరలేదు. హైమావతి తాళాలు అందుకుని, చార్జి తీసుకుని, ఎట్టకేలకు కుర్చీలో కూర్చుంది. వెంటనే డైరెక్టరుగారి చార్జి కూడా ఆవిడకే అంటగట్టారు. కండక్టర్లకి మాట తిరిగొచ్చింది. సైకిలు దొంగకి కబురు వెళ్ళింది. నయమైనవాళ్ళు పేక ముక్కలు దిండు కింద వదిలేసి ఇళ్ళకి పోయారు. ఇన్‌చార్జులందరూ మళ్ళీ ఇన్‌చార్జులయ్యారు. ఆ తేడా కూడా ఎవరికీ తెలియలేదు.

ఆటో ఆపకుండా తోలించి, పరుగు పరుగున వెళ్ళి రైలు పట్టుకున్నారు. బస్సెక్కి ఉంటే, మనం తిరిగి తెచ్చిన చార్జి మనమే ఇచ్చుకోవలసి వచ్చేదని త్రిమూర్తులు అన్నాడు. అనంతలక్ష్మి నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

సిమ్లాలో ఒక ఉదయం తలుపు తీసేసరికి వాకిలంతా తెల్లగా ఉంది. ఆవిడ గడప దిగింది. వంగి గుప్పెడు మంచు తీసి చూసింది. కాస్త నోట్లో వేసుకుంది కూడా. చాలాసేపటికి, “ఇంతేనా?” అంది. మళ్ళీ తనే, “ఇంతే అయినా బావుంది” అని కొంగుతో కళ్ళొత్తుకుంది. త్రిమూర్తులు పక్కన నిలబడి, ఇది పెళ్ళయిన ఏడాదే చూపించి ఉండవలసిందని అనుకున్నాడు. సిగ్గేసింది. సిగ్గేసిందని చెప్పడానికి కూడా సిగ్గేసి, టోపీ సర్దుకున్నాడు.

అప్పుడు అనంతలక్ష్మి స్వెట్టరు పైకి ఎత్తి, బొడ్లోంచి తాళాల గుత్తి తీసింది. సామాన్ల గదిది, వంటింటి బీరువాది, పప్పుల డబ్బాల అలమారది. అంత దూరం మోసుకొచ్చింది.

“పట్టండి.”

“ఏంటే ఇది?”

“మీరు రిటైరయ్యారు. నేనూ అవుతున్నాను.”

త్రిమూర్తులు తాళాల వైపు చూశాడు. చుట్టూ చూశాడు. ఎంపిక సంఘం ఏదీ కనిపించలేదు.

“నాకు అనుభవం లేదే.”

“బాధ్యతకీ లేదనే కదా మీవాళ్ళు ఉద్యోగం ఇవ్వలేదు. నాకూ మొదట్లో లేదు. ఎవరూ అడగలేదు.”

మంచు మళ్ళీ పడటం మొదలైంది. త్రిమూర్తులు చేతి తొడుగు తీసేసి వట్టి చేత్తో తాళాలు అందుకున్నాడు. చల్లగా ఉన్నాయి, బరువుగా కూడా ఉన్నాయి. ఏ తారీఖు నుంచి అని అడగబోయి మానుకున్నాడు.

“తీసుకున్నాను” అన్నాడు.

ఆ సాయంత్రం గదిలో టీ అతనే పెట్టాడు. పంచదార వేయడం మరిచిపోయాడు. అనంతలక్ష్మి వంక పెట్టకుండా తాగి, కప్పు కడగమని అతని చేతికే ఇచ్చింది.